కిటికీ బ్లైండ్స్ చేయించుకునే విజయనగరం వాసులకు హెచ్చరిక: కొలతల కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి

విజయనగరంలో గాని, చుట్టుపక్కల గాని కొత్తగా ఇల్లు కట్టుకుని, కిటికీలకు కొలత ఇచ్చి రోలర్ బ్లైండ్స్ (గొట్టానికి చుట్టుకునే బట్ట తెరలు), జీబ్రా బ్లైండ్స్ (పలుచని, మందమైన పట్టీలు ఒకదాని తరువాత ఒకటి ఉండే తెరలు) చేయించుకోవాలనుకునేవారు ఆర్డరు ఖాయం చేసే ముందు ఇది చదవాలని మనవి. పట్టణంలోని ఒక దుకాణం వారు మా ఇంటికి మనిషిని పంపి కొలతలు తీయించి, సిరిమానోత్సవంలోపు బిగించి ఇస్తామని చెప్పి, సగానికి పైగా సొమ్ము అడ్వాన్సుగా తీసుకున్నారు. పండుగ దాటాక వచ్చిన వాటిలో హాలు కిటికీ బ్లైండు చట్రంలో పట్టలేదు. పడకగదిది పట్టింది గాని, రెండు పక్కలా ఎండ చారలుగా పడేంత సందు మిగిలింది.

అంతకన్నా బాధ కలిగించింది ఆ తరువాత జరిగినది. బిగించడానికి వచ్చిన కుర్రాడు పట్టని బ్లైండును వెనక్కి తీసుకువెళ్లకుండా, మేము వద్దంటున్నా వినకుండా, మా వరండాలోనే అల్యూమినియం గొట్టాన్ని రంపంతో కోసి, బట్ట అంచును బ్లేడుతో చేతికొచ్చినట్టు తెగ్గోశాడు. ఇప్పుడు ఆ అంచు నుంచి దారాలు ఊడి వస్తున్నాయి. పైకి చుట్టిన ప్రతిసారీ బట్ట ఒక పక్కకు జరిగి బ్రాకెట్‌కు రాసుకుంటోంది. దుకాణంలో అడిగితే, మీ కొలతకే చేశాము, ఇలాంటివి వెనక్కి తీసుకోము అన్నారు. ఆ కొలత తీసినది వారి మనిషే.

ఆయన గుడ్డ టేపుతో, గ్రిల్ మీదుగా, కిటికీ మధ్యలో ఒక్కసారి మాత్రమే కొలిచారు. ప్లాస్టరింగ్ అయిన గోడలో కిటికీ ఖాళీ పైనా కిందా ఒకే వెడల్పు ఉండడం అరుదు; అర అంగుళం తేడా రావడం మామూలే. అందుకే చట్రం లోపల బిగించే బ్లైండుకు స్టీలు టేపుతో పైన, మధ్య, కింద మూడు చోట్లా వెడల్పు కొలిచి అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని, ఎత్తును కూడా మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి. రెండు కర్ణాలు (మూల నుంచి ఎదుటి మూలకు కొలతలు) సమానంగా లేకపోతే కిటికీ మూలమట్టానికి లేనట్టే, కనుక దానికి గోడపై బిగించే పద్ధతే మేలు. దోమతెర రెక్క లోపలికి తెరుచుకునే కిటికీకి చట్రంలో బ్లైండు పెడితే ఆ రెక్క ఇక కదలదు. ఈ సంగతి కొలిచే మనిషి చెప్పాలి, మాకు చెప్పలేదు.

అసలు గొడవంతా కాగితం దగ్గరే వస్తుంది. మాకు ఇచ్చిన చీటీలో వెడల్పు, ఎత్తు అంకెలు తప్ప, అవి కిటికీ ఖాళీ కొలతలా, తయారయ్యే బ్లైండు కొలతలా అన్నది రాయలేదు. ఖాళీ కొలత అయితే తయారీలో కొంత తగ్గిస్తారు. ముందే తగ్గించి రాసిన అంకెను అక్కడ మళ్లీ తగ్గిస్తే సందు పెరుగుతుంది, తగ్గించని అంకెను బ్లైండు కొలత అనుకుంటే చట్రంలో పట్టదు. పైగా ఒక చివర బ్లైండును ఎత్తి దించే గొలుసు తిరిగే భాగం, మరో చివర పిన్ను ఉండటం వల్ల రోలర్ బ్లైండు బట్ట, బ్రాకెట్ల మధ్య దూరం కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. చీకటి కావలసిన పడకగదికి గోడపై, రెండు పక్కలా రెండు మూడు అంగుళాలు ఎక్కువ వచ్చేలా చేయించుకోవడం మంచిది. ప్రతి కిటికీకి ఏ కొలత, లోపలా బయటా, గొలుసు ఏ పక్క అన్నది రాయించి, వారి సంతకం తీసుకున్నాకే సొమ్ము ఇవ్వండి.

బిల్లు లెక్క కూడా చూసుకోవాలి. 50 అంగుళాల వెడల్పు, 50 అంగుళాల ఎత్తు ఉన్న బ్లైండు 17.36 చదరపు అడుగులు అవుతుంది. వెడల్పు, ఎత్తు రెండింటినీ పై పూర్తి అడుగుకు సరిచేస్తే అదే 25 అయిపోతుంది. మా బిల్లులో ఇలాగే వేశారు, ముందు ఒక్క మాట చెప్పలేదు.

చిన్నపిల్లలున్న ఇళ్లవారు ఇంకొకటి గమనించాలి. గొలుసును గోడకు బిగించే క్లిప్పు వేయకుండా వదిలేస్తే, వేలాడే ఆ ఉచ్చు పిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. మా ఇంట్లో అలాగే వదిలి వెళ్లిపోయారు. క్లిప్పు వేయించుకోకుండా పనివారిని పంపకండి, మంచం, ఊయల ఆ కిటికీ పక్కన ఉంచకండి.

వెనక్కి తీసుకోము అని చెప్పినంత మాత్రాన దారి మూసుకుపోదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. కొనుగోలు విలువ 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. చీటీ, బిల్లు, దారాలు ఊడిన అంచు ఫొటోలు జతచేసి మేము దుకాణానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాము. మిగతా సొమ్ము చెల్లించలేదు, సరైన కొలతతో కొత్తవి బిగించేవరకు చెల్లించబోము.