హైదరాబాద్ నుంచి వైజాగ్: విమానమా, వందే భారత్‌నా?

శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి గాలిలో దూరం సుమారు 510 కిలోమీటర్లు. రైలు మాత్రం వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి, అక్కడి నుంచి రాజమండ్రి వైపు మళ్లీ పైకి వెళ్లాలి కాబట్టి దాదాపు 700 కిలోమీటర్లు పరిగెత్తుతుంది.

టికెట్ మీద విమానానికి గంటా పావు అని ఉంటుంది. అందులో రన్‌వే దాకా మెల్లగా పాకే సమయం కూడా కలిసే ఉంటుంది, గాలిలో ఉండేది గంటలోపే. కానీ అసలు లెక్క ఇంటి గుమ్మం నుంచి వేయాలి. సికింద్రాబాద్ వైపు ఉండేవాళ్లకు శంషాబాద్ చేరడానికే గంటన్నర. రెండు గంటల ముందు వెళ్లాలి. దిగాక సామాను కోసం ఎదురుచూపు, ఆపైన ఊళ్లోకి ఆటో. మొత్తం ఐదు, ఐదున్నర గంటలు.

2023 జనవరిలో మొదలైన వందే భారత్‌కు సుమారు ఎనిమిదిన్నర గంటలు. స్టేషన్ రాకపోకలు కలిపితే పది. అంటే విమానంతో మిగిలేది నాలుగైదు గంటలే. పండగ రోజుల్లో విమానం రేటు చూస్తే ఆ గంటల ఖరీదు తెలుస్తుంది! పైగా చాలా విమానాల్లో చెక్-ఇన్ సామాను 15 కిలోలే, ఆవకాయ జాడీలతో వెళ్లేవాళ్లకు అదో టెన్షన్.

ఇంటర్వ్యూకో, ఆసుపత్రి పనికో అయితే విమానమే ఎక్కండి. పిల్లలతో సెలవులకైతే నా ఓటు రైలుకే, రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన దాటడం వాళ్లకు పండగ. పగలు వృథా కాకూడదనుకుంటే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకోండి, తెల్లారేసరికి వైజాగ్‌లో ఉంటారు.