టెక్సస్ నుంచి కూకట్‌పల్లి దాకా గుండెమంట మందులు: ఏళ్ల తరబడి వాడి చూశాక

గుండెల్లో మంటకు ఏ దేశంలో ఏ డబ్బా కొన్నా, లోపల ఉండేవి దాదాపుగా నాలుగు రకాల మందులే. ఊరిన ఆమ్లాన్ని అప్పటికప్పుడు విరిచేవి కొన్ని. అది పైకి ఎగదన్నకుండా అడ్డుపొర వేసేవి కొన్ని. ఆమ్లం ఊరడాన్ని కొన్ని గంటలపాటు తగ్గించేవి మరికొన్ని. ఇక నాలుగో రకం, ఆమ్లం ఊరే చోటనే దాన్ని కట్టడి చేసేవి. టెక్సస్‌లో ఉన్నన్నాళ్లూ, హైదరాబాద్‌కు తిరిగివచ్చి కూకట్‌పల్లిలో కాపురం పెట్టాక కూడా ఈ నాలుగూ వాడాను. కాలేజీ రోజుల నుంచీ నాకు పుల్లటి త్రేన్పులు, నడుం వాల్చగానే గొంతు దాకా వచ్చే చేదు అలవాటైన బాధ. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి.

అమెరికాలో మొదట కంటపడేది టమ్స్. రంగురంగుల నమిలే బిళ్ళలు, లోపల కాల్షియం కార్బొనేట్. కొన్ని నిమిషాల్లోనే మంట తగ్గుతుంది, కానీ ఆ సుఖం ఎక్కువసేపు నిలవదు. పార్టీలో నాలుగు మిరపకాయ బజ్జీలు ఎక్కువైనప్పుడు పనికొస్తుంది. రోజూ రాత్రి వచ్చే మంటకు మాత్రం అది చాలదు. పైగా రోజూ అదే నములుతూ పోతే మలబద్ధకం ఖాయం.

మనవాళ్లందరికీ తెలిసిన ఈనో అక్కడి ఇండియన్ కిరాణా షాపుల్లో దొరుకుతుంది. నీళ్లలో పోయగానే బుస్సున పొంగి, తాగిన కాసేపటికి పెద్ద త్రేన్పు తెప్పించి ఛాతీ తేలిక చేస్తుంది. అప్పుడప్పుడు వాడేవారికి బాగానే ఉంటుంది. కానీ అది సోడా ఉప్పు, నిమ్మ ఉప్పు కలిసిన పొడి అన్న సంగతి గుర్తుండాలి. ఒక్క 5 గ్రాముల పొట్లంలో సుమారు 850 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 2 గ్రాములలోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రెండు పొట్లాలు తాగితే ఆ హద్దులో ఎనభై శాతానికి పైగా అయిపోయినట్లే, ఇక ఆవకాయ, చారు, పెరుగన్నంలోని ఉప్పు లెక్కే లేదు. రక్తపోటు ఉన్న పెద్దవాళ్లు దీన్ని సోడా నీళ్లలా తాగడం చూస్తే నాకు భయం వేస్తుంది. మా ఇంట్లో అత్తయ్యకు బీపీ ఉంది కాబట్టి ఈనో డబ్బా కొనడమే మానేశాం.

గావిస్కాన్ విషయంలో మాత్రం చాలామందికి తెలియని తిరకాసు ఒకటి ఉంది. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ ఆ పేరుతో అమ్మే సిరప్‌లో సోడియం ఆల్జినేట్ ఉంటుంది. సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం అది. కడుపులోకి వెళ్లాక పాల మీద మీగడలా ఆహారం పైన పరుచుకుని, ఆమ్లాన్ని పైకి రానివ్వకుండా ఆపుతుంది. అమెరికాలో అదే పేరుతో ఉన్న సీసా మీద మందుగా రాసి ఉండేవి అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం కార్బొనేట్. అంటే అవి ఆమ్లాన్ని విరిచే రకం. లండన్ నుంచి వచ్చిన స్నేహితురాలు దాన్ని ఎంతో పొగిడింది. అదే పేరుతో టెక్సస్‌లో కొన్నది తాగితే నాకు పెద్దగా తేడా తెలియలేదు. రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి వెనకవైపు చదివితే గానీ కారణం అర్థం కాలేదు. అప్పటి నుంచీ ఏ మందు కొన్నా ముందువైపు పెద్ద అక్షరాల కంటే వెనకవైపు చిన్న అక్షరాలనే ముందు చదువుతాను.

ఆమ్లం ఊరడాన్ని తగ్గించే మూడో రకం మందు జాన్‌టాక్ సంగతి కూడా ఇలాంటిదే. అందులో ఉండే రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కారకమని అనుమానించే మలినం కనిపించిందని 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రానిటిడిన్ మందులన్నింటినీ అంగళ్ల నుంచి తీసేయమంది. తరువాతి ఏడాది అదే పేరు చివర 360 అనే అంకె తగిలించుకుని మళ్లీ వచ్చింది, కానీ లోపల ఉన్నది ఫామోటిడిన్. నేను వాడిందీ ఆ ఫామోటిడినే. రాత్రి భోజనానికి ముందు ఒకటి వేసుకుంటే తెల్లవారుజాము దాకా ప్రశాంతంగా ఉండేది. రోజూ వాడుతూ పోయిన కొద్దీ దాని పస తగ్గుతుంది, ఇది ఆ జాతి మందులన్నింటికీ ఉన్న గుణం. విందు ఉన్న రోజు, ప్రయాణం ఉన్న రోజు ఒకటి వేసుకోవడానికి మాత్రం నాకు ఇంతకంటే నచ్చిన మందు లేదు.

హైదరాబాద్‌లో రానిటిడిన్ ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. 2022లో మన అత్యావశ్యక మందుల జాతీయ జాబితా నుంచి దాన్ని తొలగించారు గానీ నిషేధించలేదు. నేనైతే కొనను. మామూలు గది ఉష్ణోగ్రత కంటే ఎక్కువ వేడిలో నిల్వ ఉంటే ఆ మలినం పెరుగుతుందని ఎఫ్‌డీఏ చెప్పిన మాటే అందుకు కారణం. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఈ ఊళ్లో, రేకుల షెడ్డు గోదాముల్లో, ఏసీ లేని చిన్న షాపుల్లో ఆ డబ్బాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ఫామోటిడిన్ ఇక్కడా ఉంది, చవక కూడా. కాకపోతే పేరు పెట్టి అడగాలి, అడగకపోతే చేతికి వచ్చేది వేరే.

ఆ వేరే ఏమిటన్నది కాస్త వివరంగా చెప్పాలి. అమెరికాలో మందుల అర ముందు నిలబడి మనమే చదువుకుని తీసుకోవాలి. ఇక్కడ సందు చివర మెడికల్ షాపుకు వెళ్లి "అన్నా, గ్యాస్ మాత్ర ఇవ్వండి" అంటే చాలు. నేను తిరిగొచ్చిన కొత్తలో అలాగే అడిగాను. షాపులోని అబ్బాయి వయసు అడగలేదు, వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడగలేదు. అట్ట తీసి కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. నా చేతికి వచ్చిన ముక్క మీద 'పాంటోప్రా' అన్న సగం పేరు మిగిలింది. ఎక్స్‌పైరీ తేదీ, డాక్టర్ చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక రెండో ముక్కతోపాటు డబ్బాలోకి వెళ్లిపోయాయి. అది పాంటోప్రజోల్‌తోపాటు డాంపెరిడోన్ కూడా కలిసిన క్యాప్సూల్ అని ఇంకో అట్ట అడిగి చూస్తే తెలిసింది. ఇలాంటి మందుల పేర్ల చివర ఉండే 'డి' అక్షరం దానికి గుర్తు.

డాంపెరిడోన్ వాంతులు, వికారం తగ్గించే మందు. దాన్ని అమెరికాలో అసలు ఆమోదించలేదు. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని 2014లో యూరప్ మందుల సంస్థ దాని వాడకాన్ని వాంతులు, వికారానికే పరిమితం చేసి, అదీ తక్కువ మోతాదులో, మామూలుగా వారం మించకుండా వాడమంది. మన దగ్గర దాన్నే టీ బిస్కట్ తీసుకున్నంత సులువుగా నెలల తరబడి వేసుకుంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో ఉదయం నడకకు వచ్చే పెద్దవాళ్లలో సగం మంది జేబుల్లో ఇది ఉంటుంది. డాక్టర్ ఒకసారి ఐదు రోజులకు రాసిచ్చిన మందును ఐదేళ్లుగా వాడుతున్నవాళ్లు ఉన్నారు. ఈ ఊళ్లో కొనే సౌకర్యం నాకు ఎంతో ఇష్టం, అర్ధరాత్రి కూడా మందు దొరుకుతుంది. ఆ సౌకర్యంతోపాటు షాపులో ఒక్క ప్రశ్న కూడా అడిగితే ఎంత బాగుండును!

ఇక ఉత్త పాంటోప్రజోల్, ఓమెప్రజోల్ జాతి. నాలుగో రకం ఇవే, నిజంగా బలమైనవి కూడా ఇవే. అమెరికాలో ఓమెప్రజోల్ 2003 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది. ఒక విడతకు 14 రోజులే వాడాలని, డాక్టర్ చెబితే తప్ప మళ్లీ నాలుగు నెలల దాకా మొదలుపెట్టవద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం నాకు ఎంతో మేలు చేసింది. ఇక్కడైతే మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వారి ఓమెజ్ తెలియని ఇల్లు ఉండదు. బాలానగర్ ఐడీపీఎల్ నుంచి మొదలుకొని ఇన్ని మందుల కంపెనీలు పెరిగిన ఊరు కాబట్టి ధర, దొరకడం సమస్యే కాదు. జన ఔషధి కేంద్రంలో కొంటే ఇంకా చవక.

ఈ జాతి మందులు పనిచేయాలంటే వేళ ముఖ్యం. పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట లోపల టిఫిన్ తినాలి. ఆమ్లం ఊర్చే కణాలు తిండి పడినప్పుడే చురుకవుతాయి, మందు పట్టు దొరికేది అప్పుడే. మంట వచ్చాక రాత్రి పదకొండింటికి వేసుకుని ఇది పనిచేయదనే వాళ్లు మా బంధువుల్లోనే చాలామంది. అప్పటికప్పుడు తగ్గించేది ఇది కాదు, దీని ప్రభావం పూర్తిగా తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఇంకా ఎక్కువగా ఊరి మంట రెట్టింపైనట్లు అనిపిస్తుంది. నేను ఆపినప్పుడు డాక్టర్ సలహాతో మోతాదు తగ్గిస్తూ, రోజు విడిచి రోజు వేసుకుంటూ, మధ్యలో గావిస్కాన్‌తో గడిపాను. ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. శాకాహారులకు బీ12 ముందే తక్కువగా ఉంటుంది కాబట్టి పరీక్ష చేయించుకోవడం మంచిది.

అత్తయ్యకు థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. అదీ పరగడుపునే. అదీ పాంటోప్రజోల్ కలిపి మింగేస్తుంటే థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ కుదురుగా ఉండేది కాదు. కడుపులో ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టదని, పాంటోప్రజోల్ నిజంగా కావాలో లేదో చూడాలని డాక్టర్ చెప్పారు. ఆవిడకు అది ఆపేశారు. డైజీన్, జెలూసిల్, టమ్స్ లాంటి ఆమ్లాన్ని విరిచే మందులైతే థైరాయిడ్ మాత్రకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మన ఇళ్లలో ఇన్ని థైరాయిడ్ మాత్రలు ఉన్నప్పుడు ఈ సంగతి ప్రతి మెడికల్ షాపులోనూ బోర్డు కట్టి చెప్పాల్సింది.

డైజీన్, జెలూసిల్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రెండూ మంచివే, పొట్ట ఉబ్బరం కూడా ఉంటే, దాన్ని తగ్గించే సిమెథికోన్ వీటిలో ఉంది కాబట్టి టమ్స్ కంటే మెరుగు. బిళ్ళ కంటే సిరప్ త్వరగా పనిచేస్తుంది, సీసా బాగా కుదిపి పోసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా వీటి జోలికి పోకూడదు.

ఇంటి వైద్యాల్లో చల్లటి పాలు తాగితే గొంతు దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, కాసేపటికి ఆమ్లం మళ్లీ ఊరుతుంది. వాము నమిలితే ఉబ్బరం తగ్గినట్లు ఉంటుంది గానీ నా మంటకు ఏమీ చేయలేదు. పుదీనా నాకు పడదు. అన్నవాహిక కింద ఉండే కండరం దానితో సడలుతుంది. పుదీనా చట్నీ, బిర్యానీ, ఆ పైన ఇరానీ చాయ్ ఒకే రాత్రి పడితే నాకు నిద్ర ఉండదు.

ఈ మందులన్నింటికంటే నాకు ఎక్కువ మేలు చేసినవి రెండు. ఒకటి టెక్సస్‌లో అలవాటైన ఏడు గంటల భోజనం. పడుకోవడానికి మూడు గంటల ముందే తినడం అయిపోయేది. హైదరాబాద్‌లో పెళ్లి విందులు పదింటికి మొదలవుతాయి, ఇళ్లలో కూడా తొమ్మిదిన్నర దాటితే గానీ కంచాలు పెట్టరు. ఇక్కడికి వచ్చాక మంట ముదరడానికి కారం కంటే ఈ వేళే పెద్ద కారణమని నా నమ్మకం. ఇప్పుడు మా ఇంట్లో ఏడున్నరకే వడ్డిస్తాను, మావారు కాస్త గొణిగినా అలవాటు పడ్డారు. రెండోది మంచం. తలవైపు కోళ్ల కింద వడ్రంగి చేత ఆరంగుళాల ఎత్తు చెక్క దిమ్మెలు చేయించి పెట్టించాను. మంచం జారకుండా దిమ్మె మధ్యలో కోడు కూర్చునే గుంట కూడా తవ్వాడు. తలగడలు ఎత్తుగా పెట్టుకుంటే నడుం దగ్గర వంగి పొట్ట నొక్కుకుంటుంది, అది మేలు చేయదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఇంకా మంచిది, కడుపు ఉండే తీరు వల్ల ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది.

ఒక విషయంలో మాత్రం మందుల షాపు మీద ఆధారపడవద్దు. ఛాతీలో బరువు, చెమటలు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం ఉంటే గ్యాస్ అనుకుని ఈనో కలుపుకుంటూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఎండోస్కోపీ గురించి గ్యాస్ట్రో డాక్టర్‌ను అడగాలి. సోమాజిగూడ నుంచి గచ్చిబౌలి దాకా ఈ ఊళ్లో జీర్ణకోశ వైద్యానికి లోటు లేదు, ఇతర రాష్ట్రాల వాళ్లే ఇక్కడికి వస్తారు.

అమ్మానాన్నలను అమెరికా పంపేవారు మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టర్ చీటీతో, కత్తిరించని అట్టల్లో సర్దండి. చీటీలో కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు రాయించండి. పాంటోప్రజోల్ అక్కడ చీటీ లేకుండా దొరకదు, ఓమెప్రజోల్ దొరుకుతుంది. మార్చుకోవచ్చో లేదో బయలుదేరక ముందే ఇక్కడి డాక్టర్‌ను అడిగి ఉంచుకుంటే సరి. 'డి' ఉన్న క్యాప్సూల్ వాడుతుంటే అది నిజంగా కావాలా అని కూడా అప్పుడే అడగండి, అయిపోతే అక్కడ ఏ షాపులోనూ అది ఉండదు.