సోల్డరింగ్ ఐరన్ కొంటున్నారా? మూడు పిన్నుల ప్లగ్గును చూసి నమ్మవద్దు

ఇంట్లో చిన్న సర్క్యూట్ బోర్డుల మీద పనిచేసుకునేందుకు సోల్డరింగ్ ఐరన్ (లోహపు తీగను కరిగించి భాగాలను అతికే వేడి పరికరం) కొనదలచిన విజయవాడ, గుంటూరు మిత్రులు, కంపెనీ పేరు లేకుండా సెట్టుగా కట్టి అమ్మే సరుకు విషయంలో డబ్బు చెల్లించకముందే పరీక్షించి చూసుకోవాలని మనవి. ఏలూరు రోడ్డు వైపు ఒక దుకాణంలో నేను పిడి మీద ఉష్ణోగ్రత డయల్ ఉన్న 60 వాట్ల ఐరన్‌ను, 60/40 (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) అని ముద్రించిన లెడ్ చుట్టను, అంటే అతకడానికి కరిగించే తీగను, అతుకు బాగా పట్టేందుకు పూసే పేస్టు డబ్బీని కలిపి కొన్నాను. మూడింటిలో ఒక్కటి కూడా దాని మీద రాసినదానికి తగినట్టు లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎర్త్ సంగతి. వేడెక్కిన బిట్‌కు (ఐరన్ మొనకు) టెస్టర్ ఆనిస్తే లైటు వెలిగింది. ప్లగ్గు తీసేసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్ల మధ్య తీగ కలిసి ఉంటే బీప్ చేసే అమరికలో) పెట్టి ఒక వైరును బిట్‌కు, రెండోదాన్ని ప్లగ్గులోని లావు పిన్నుకు తాకిస్తే బీప్ రాలేదు. పిడి విప్పి చూస్తే కేబుల్‌లో ఉన్నవి రెండే తీగలు. మూడో పిన్ను ఉత్త అలంకారం. ఇలా బిట్‌లోకి లీకయ్యే కరెంటు మన చేతికి జివ్వుమని తగిలి ఊరుకోవచ్చు గాని, మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టరు) వంటి సున్నితమైన భాగాల గేటును, అంటే వాటిని నియంత్రించే కాలును, పైకి ఏ ఆనవాలూ కనబడకుండా పాడుచేయగలదు. హీటరు ఇన్సులేషన్ పూర్తిగా దెబ్బతింటే అదే బిట్ మీద 230 వోల్టులు ఉంటాయి.

డయల్ కూడా అంతే. ఈ రకం సెరామిక్ హీటరులో వేడిని కొలిచే ఏర్పాటు నిజంగా ఉంటే దాని నుంచి నాలుగు తీగలు వస్తాయి; ఇందులో రెండే వచ్చాయి. అంటే ఆ డయల్ ఫ్యాన్ రెగ్యులేటరు పని మాత్రమే చేస్తుంది. 350 డిగ్రీల దగ్గర పెట్టినా ఖాళీగా ఉన్నప్పుడు బిట్ మితిమీరి కాలి, బోర్డు మీది సన్నని రాగి పట్టీలను లేపేసింది.

ఇక లెడ్. అసలైన 60/40 సుమారు 190 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగి, ఆరాక మెరుస్తుంది. సీసం పాలు పెంచి 40/60గా చేస్తే పూర్తిగా కరగడానికి 240 డిగ్రీల దాకా కావాలి, అతుకు మసకగా, గరుకుగా మిగులుతుంది. నాకు వచ్చినది అచ్చం అలాగే ఉంది. (సీసం లేని రకం సహజంగానే కొంత మసకగా ఉంటుంది, దాన్ని చూసి ఇదే అని పొరబడకండి.) పేస్టు సంగతి క్లుప్తంగా: పైపులకు వాడే యాసిడ్ పేస్టు బోర్డును తినేస్తుంది, రోజిన్ (చెట్టు బంక) రకమే అడగండి.

బిట్‌కు చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అసలు అంటుకోకపోతే దానికి ఇనుప పూత లేనట్టే. ఉత్త రాగి మొన కరిగిన లెడ్‌లో కొద్దికొద్దిగా హరించుకుపోతుంది.

వెనక్కి తీసుకెళితే, వాడిన సరుకు మార్చేది లేదని దుకాణదారు తేల్చిచెప్పారు. బిల్లు మీద "ఎలక్ట్రికల్ ఐటమ్" అని మాత్రమే ఉంది. వాట్లు, 60/40, ఎర్త్ ఉన్నదన్న మాట బిల్లులో రాయించుకుంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు చూపడానికి ఒక ఆధారం ఉంటుంది. రాయనన్నవారి దగ్గర కొనకండి.