ఆరు సెకన్లు, ఆరు గళ్లు: ఏడేళ్ల ఆట తర్వాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ పోరాట నియమాలపై సమీక్ష

హనుమకొండలోని మా ఇంటి మేడ మీది గదిలో అయిదుగురు మిత్రులం 2018 నుంచి దాదాపు ప్రతి ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ ఆడుతున్నాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఇది. చాలాకాలం 2014 నాటి నియమాలతో ఆడి, 2024లో సవరించిన పుస్తకం వచ్చాక దానికి మారాం. కథ నడుపుతూ శత్రువులను ఆడించే డంజన్ మాస్టర్ బాధ్యత ఎక్కువగా నాదే. పోరాటంలో పాత్ర ఎలా కదులుతుంది, ఆ కదలికకు ఏ మూల్యం చెల్లిస్తుంది అన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

రౌండ్ అంటే ఆరు సెకన్లు. తన వంతు రాగానే పాత్ర తన స్పీడ్ మేరకు కదిలి, ఒక యాక్షన్ (కొట్టడం వంటి ఒక పని) చేయవచ్చు. మనిషి స్పీడ్ 30 అడుగులు, గడి కొలత 5 అడుగులు, అంటే ఆరు గళ్లు. మేము చార్టు మీద స్కేలుతో గళ్లు గీసి, పచ్చీసు ఆడే చింతగింజలనే శత్రువులుగా పెట్టుకుంటాం. ఈ ఆరు గళ్లనూ ఒకేసారి నడిచి తీరాలన్న నిర్బంధం లేదు. మూడు గళ్లు ముందుకు వెళ్లి, కొట్టి, మిగిలిన మూడు గళ్లు పక్కకు తప్పుకోవచ్చు. నేల బాగా లేకపోతే ప్రతి అడుగుకూ రెండడుగుల ఖర్చు పడుతుంది. వరంగల్ కోటలో కీర్తి తోరణాల నడుమ శిల్పాల ముక్కలు పడి ఉన్న నేల తీరుగా నేనొక రణరంగాన్ని గీసినప్పుడు, ఆరు గళ్ల వీరుడు మూడు గళ్లకే ఆగిపోయాడు. కరిగెటలో నడిచినట్టేనని చెబితే కొత్తగా చేరిన మిత్రుడికి వెంటనే అర్థమైంది.

నియమాల అసలు బలం ఆపర్చునిటీ అటాక్ దగ్గర తెలుస్తుంది. పాత్ర శత్రువు చేతికి అందే దూరం దాటి వెళ్తున్నప్పుడు ఆ శత్రువు తన రియాక్షన్‌తో, అంటే తన వంతు కాకపోయినా చేయగల ప్రతిచర్యతో, ఒక దెబ్బ వేయవచ్చు. ఆ దెబ్బ తప్పాలంటే డిసెంగేజ్ (జాగ్రత్తగా తప్పుకోవడం) తీసుకోవాలి, దానికి మొత్తం యాక్షన్ పోతుంది. మొదటి ఏడాదంతా మేము ఈ ఒక్క దెబ్బకు భయపడి, శత్రువుకు ఎదురుపడగానే గుంజ పాతినట్టు నిలబడిపోయేవాళ్లం. రియాక్షన్ రౌండుకు ఒక్కటే అన్న మాటను పుస్తకంలో చదివినా దాని విలువ మాకు పట్టుబడలేదు.

అది తెలిసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఓగర్ అనే ఒక భారీ రాక్షసి ముందు మా మాంత్రికుడు ఏడు ప్రాణాంకాలతో మిగిలాడు. ఓగర్ గద దెబ్బ సగటున 13. మాంత్రికుడి కన్నా ముందు వంతు వీరుడిది. మాంత్రికుడిగా ఆడుతున్న మా చిన్నవాడు పటం మీదికి వంగి, "అన్నా, నువ్వు ఒక్క గడి ఎన్కకు జరిగి మళ్ల ముందుకు పో, దాని దెబ్బ నీ మీదనే పడనియ్యి, నేను బయటపడ్త" అన్నాడు. వీరుడి కవచం, డాలు కలిపి రక్షణ 18. పాచిక మీద పడ్డ అంకెకు ఓగర్ 6 కలుపుకుంటుంది, ఆ మొత్తం రక్షణను అందుకుంటేనే దెబ్బ తగులుతుంది. అంటే ఓగర్‌కు ఇరవై ముఖాల పాచిక మీద కనీసం 12 పడితే తప్ప ఆ దెబ్బ తగలదు. మాంత్రికుడి రక్షణ 12 కాబట్టి అతడి మీద 6 పడినా చాలు. వీరుడు వెనక్కి జరగగానే, బుద్ధి తక్కువైన ఓగర్ గద విసిరింది. గురి తప్పింది. అదే వంతులో వీరుడు తిరిగి ముందుకు వెళ్లి కత్తి దూశాడు. రియాక్షన్ అయిపోయిన ఓగర్ పక్క నుంచి మాంత్రికుడు ఆరు గళ్లు నడిచి, చేతిలో మిగిలిన యాక్షన్‌తో అగ్నిబాణం వేశాడు. ఆ రోజు నుంచి మా పటం మీద ఎవరూ ఊరికే నిలబడటం లేదు.

యాక్షన్‌ను దెబ్బలు తప్పించుకోవడానికే వాడే డాడ్జ్‌ను కూడా చాలామంది చిన్నచూపు చూస్తారు, అది తప్పని నా నిశ్చితాభిప్రాయం. డాడ్జ్ తీసుకున్న వాడి మీద శత్రువు రెండు పాచికలు వేసి తక్కువ పడ్డది లెక్కించాలి. పైన చెప్పిన వీరుడి మీద ఓగర్ దెబ్బ తగిలే అవకాశం నూటికి 45 నుంచి దాదాపు 20కి పడిపోతుంది. ఇరుకైన గుమ్మంలో అలా నిలబడ్డ వీరుడు వెనకున్న నలుగురినీ కాచినట్టే.

2024 సవరణలో నాకు ఎక్కువగా నచ్చింది ఆయుధాల మాస్టరీ, అంటే ఒక్కో ఆయుధానికి ఇచ్చిన ప్రత్యేక ప్రభావం. సమ్మెటతో కొట్టిన వీరుడు, మరీ భారీది కాని శత్రువును 10 అడుగుల దూరం నెట్టగలడు. అలా నెట్టబడ్డ శత్రువు ఎవరి అందుబాటు దాటినా ఆపర్చునిటీ అటాక్ వర్తించదు కనుక, జనం ఒకే చోట చిక్కుపడే పాత బాధ సగం తగ్గింది. మిత్రుడు నిలబడ్డ గడి గుండా నడిస్తే పాత పుస్తకంలో రెట్టింపు ఖర్చయ్యేది, ఇప్పుడు కాదు. ఇరుకు సొరంగాల్లో ఆడేవారికి ఇది పెద్ద ఊరట.

ఫలానాది జరగగానే చేస్తానని ముందే చెప్పి కాచుకునే రెడీ యాక్షన్ విషయంలో మాత్రం నా అసంతృప్తి పోలేదు. అయిదో స్థాయి వీరుడు తన వంతులో రెండు దెబ్బలు కొట్టగలడు. "తలుపు తెరవగానే కొడతాను" అని కాచుకుని కూర్చుంటే మాత్రం రియాక్షన్‌తో పాటు ఒక దెబ్బ కూడా పోతుంది, ఎందుకంటే రెండో దెబ్బ సొంత వంతులోనే చెల్లుతుంది. ఓపికగా మాటు వేసిన వాడికి ఎదురు పరుగెత్తిన వాడికన్నా తక్కువ ఫలితం దక్కడం నాకు అన్యాయంగా తోచింది. అందుకే శత్రువుకు ముందుగా కనిపించకుండా మాటు వేసిన వీరుడికి మా ఆటలో రెండు దెబ్బలూ ఇస్తున్నాం. దానివల్ల ఇప్పటిదాకా ఏ పోరాటమూ చప్పబడలేదు.