గట్టిపడని ఎపాక్సీ పుట్టీ, ఒక్క స్టారే
ట్యాంకు కింద పైపు జాయింట్ కారుతోందని మా వీధి హార్డ్‌వేర్ షాపులో ఈ ప్యాకెట్ కొన్నాను. అందులోని రెండు ముద్దలూ (రెసిన్ అనే జిగురు పదార్థం, దాన్ని గట్టిపరిచే హార్డెనర్) సమానంగా తీసుకుని, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసికి, పైపు తుడిచి ఆరబెట్టి మరీ పెట్టినా మర్నాటికి కూడా గోరు గుచ్చితే దిగిపోతోంది. అనుమానమొచ్చి మిగిలిన ముక్క విప్పి చూస్తే హార్డెనర్ పైన పెంకు కట్టి, లోపల పలుకులు పలుకులుగా ఉంది. పాత సరుకు అంటగట్టారన్నమాట! అలాంటిది రెసిన్‌తో సరిగ్గా కలవదు, ఎంతసేపు ఆగినా దండగే. హార్డెనర్ కాస్త ఎక్కువేయమని షాపాయన ఉచిత సలహా ఒకటి, పాళ్లు తప్పితే అసలుకే మోసం. మెత్తగా ఉన్నదాని మీదే కొత్తది పూయకండి, మొత్తం గీకేసి శాండ్‌పేపర్‌తో రుద్దాకే పెట్టాలి. వేరే షాపులో తాజా ప్యాకెట్ తెచ్చి అలాగే చేస్తే రాయిలా బిగిసింది, ఇప్పుడు చుక్క కారట్లేదు. కొనేముందు తయారీ తేదీ చూసి, కవర్ మీద నుంచే రెండు ముద్దలూ నొక్కి చూడండి.