భూటాన్ రుసుము, నేపాల్ టీహౌస్: పేదలకు ఏది మేలు?

పర్యాటకంతో పేదరికాన్ని తగ్గించుకోవాలనుకున్న ఈ రెండు హిమాలయ దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. 1974లో విదేశీ పర్యాటకులకు తలుపులు తెరిచిన భూటాన్, తక్కువ మందిని రానిచ్చి ఎక్కువ రాబట్టే పద్ధతిని ఎంచుకుంది. ఒక్కో పర్యాటకుడి నుంచి వసూలు చేసే సుస్థిరాభివృద్ధి రుసుమును 2022లో రోజుకు 200 డాలర్లు చేసి, మరుసటి ఏడాది 100కు తగ్గించినా (భారతీయులకు 1,200 రూపాయలే), ఆ సొమ్ము నేరుగా ఖజానాకు చేరి, విద్య, వైద్యం, అడవుల రక్షణ వంటి వాటికి ఉపయోగపడుతుంది.

నేపాల్‌లో డబ్బు చేతులు మారేది కొండదారిలోనే. అన్నపూర్ణ ప్రాంతంలో యాత్రికులు బసచేసే టీహౌస్‌లు చాలావరకు స్థానిక కుటుంబాలు నడుపుకునేవి. గది అద్దె నామమాత్రం, అసలు రాబడి దాల్‌భాత్ (పప్పన్నం) మీదే. 1986లో మొదలైన అన్నపూర్ణ పరిరక్షణ ప్రాజెక్టు, ప్రవేశ రుసుమును ఆ ప్రాంత సంరక్షణకు, గ్రామాల పనులకు మళ్లించింది. అయితే బియ్యం, గ్యాస్ సిలిండర్లు కింది నుంచి పైకి మోయించాలి కనుక ఆదాయంలో కొంత అక్కడే కరిగిపోతుంది. దారికి ఎడంగా ఉన్న ఊళ్లకు దక్కేది స్వల్పం.

భూటాన్ పద్ధతి నడవాలంటే, వసూలైన ప్రతి డాలరుకూ జవాబు చెప్పగల పాలనాయంత్రాంగం ఉండాలి. అది లేనిచోట నా మొగ్గు నేపాల్ వైపే, బరువులు మోసే కూలీలకు న్యాయమైన వేతనం, బీమా కచ్చితంగా అందే పక్షంలో.