ఏడు రోడ్ల దగ్గరి పాత పుస్తకాల షాపు: మతాల చరిత్ర చదివేవాళ్లు తప్పక వెళ్లండి

కడపలో ఏడు రోడ్ల నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉంది ఈ షాపు. బోర్డు సరిగా కనపడదు. బయట పోటీ పరీక్షల గైడ్లు గుట్టలుగా ఉంటాయి, వాటిని దాటుకుని లోపలికి వెళ్లాలి. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. ప్రాజెక్టులు చేసే పిల్లలను ఇక్కడికే పంపిస్తుంటాను.

నాకు బాగా నచ్చింది పుస్తకాలు సర్దిన తీరు. వ్రత కథలు, స్తోత్రాలు, పంచాంగాలు కౌంటర్ పక్కన ఉంటాయి. గుళ్ల శాసనాల సంపుటాలు, విశిష్టాద్వైతం మీద పుస్తకాలు, తెలుగు ఖురాన్, బైబిల్ వ్యాఖ్యానాలు, వీరబ్రహ్మంగారి మీద వచ్చిన పరిశోధనలు మాత్రం వెనక గోడకు, ‘చరిత్ర’ అని మార్కర్‌తో రాసిన అరలో, విజయనగర రాజుల పక్కనే ఉంటాయి. ఎందుకిట్ల పెట్టారని అడిగితే ఓనరు పెద్దాయన, “పూజ చేసుకునేవోళ్లు ఈపక్క చూస్తారు మేడం, చదువుకునేవోళ్లు ఆపక్కకు పోతారు” అన్నాడు.

ఈ తేడా పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లకే తెలియడం లేదు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి దానవులపాడు జైనుల మీద పీహెచ్‌డీ చేస్తానని ఒక యూనివర్సిటీకి ఇంటర్వ్యూకు పోయింది. “మతం మీద పరిశోధన ఏముంటుందమ్మా, భక్తి ఉంటే ఇంట్లో పెట్టుకో” అన్నారట బోర్డులో ఒకాయన. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణ అంటుంది, నిజమే. కానీ మతాల గురించి చదవడం దాని కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో అయితే థియాలజీకి, అంటే మతశాస్త్రానికి, ఏకంగా ఒక ఫ్యాకల్టీనే ఉంది.

దానవులపాడు మన జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఉంది. అక్కడ దొరికిన ఒక పీఠం మీద, జైన తీర్థంకరుడు శాంతినాథుడి అభిషేకానికి రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు దాన్ని చేయించాడని శాసనం ఉంది. లిపి వచ్చినవాళ్లు ఆ పేర్లు చదివేస్తారు. కానీ జైనుల లెక్కలో తీర్థంకరుడు మోక్షం పొందినవాడు, మొక్కితే వరాలిచ్చేవాడు కాడు. మరి నీళ్లు పోయడం దేనికి? పుట్టిన జినుడికి, అంటే తీర్థంకరుడికి, మేరు పర్వతం మీద ఇంద్రుడు అభిషేకం చేశాడన్న నమ్మకం తెలిస్తేనే, ఒక రాజు ఆ పీఠమే ఎందుకు ఇచ్చాడో ఆలోచించగలం. సిద్ధాంతం చదవకుండా ఆ రాయి దగ్గర చరిత్రకారుడు చేసేదేమీ లేదు.

ఆ వెనక అరలోనే నాకు తాళ్లపాక సంకీర్తనల పాత సంపుటం ఒకటి 80 రూపాయలకు దొరికింది. అట్ట ఊడిపోయింది గానీ పీఠిక మొత్తం ఉంది. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకు మీది వాక్యాన్ని అందులో అచ్చు వేశారు. అన్నమయ్య పుట్టిన పదహారేళ్లకు, శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంలో (క్రీ.శ. 1424) వేంకటేశ్వర స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, అప్పటి నుంచి శకం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి (క్రీ.శ. 1503) దాకా ఆయన కీర్తనలు విన్నవించాడనీ ఉంది. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడని మనం చెప్పుకునే లెక్క దీనిమీదే నిలబడింది. స్వామి కనపడ్డాడన్న మాటను కొట్టేసి చూడండి, పదహారేళ్లన్నది ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తెలియదు! అది జరిగిందా లేదా అని తేల్చడం చరిత్ర పని కాదు. రేకు వేయించినవాళ్లు అట్లా నమ్మారు, ఆ నమ్మకానికి తేదీ వేసి రాగి మీద చెక్కించారు. నేను క్లాసులో ఈ వాక్యంతోనే పాఠం మొదలుపెడతాను. నమ్మే పిల్లలు, నమ్మని పిల్లలు ఒకే వాక్యం మీద వాదించుకుంటారు. ఇది చదువు కాకపోతే ఇంకేది చదువో నాకు తెలియదు.

ధరలు న్యాయంగానే ఉన్నాయి. అట్ట లోపల పెన్సిల్‌తో రాసి ఉంటుంది, బేరం ఆడాల్సిన పని లేదు. నిలబడి ఎంతసేపు చదివినా ఏమీ అనరు. అయితే వెనక లైటు చాలదు, ఫోన్ టార్చి వేసుకోవాల్సిందే. చెద తగిలిన పుస్తకాలు కూడా ఉన్నాయి కాబట్టి డబ్బులిచ్చే ముందు పేజీలు తిప్పి చూసుకోండి.

అసలు కొరత ఇంకొకటి. పెద్ద దర్గా ఉన్న ఊరు ఇది. ఉగాదికి దేవుని కడపలో ముస్లింలు వచ్చి దర్శనం చేసుకునే ఊరు. అయినా సూఫీల మీద తెలుగులో పనికొచ్చే పుస్తకం ఒక్కటీ ఆ అరలో లేదు. పెద్దాయనతో చెప్తే, “తెచ్చిచ్చేవోళ్లు ఉంటే నేను కొంటా మేడం” అన్నాడు. మీ ఇళ్లలో అట్లాంటివి మూలపడి ఉంటే పాత పేపర్ల కింద అమ్మేయకుండా ఆయనకు ఇవ్వండి.